కారే స్లాబు ముందా, కాశీ ముందా?

[తెర మీద: సీలింగ్ మీద పసుప్పచ్చటి తడి మరక. చుట్టూ పెన్సిల్ గీత, పక్కన తేదీ.]

వ్యాఖ్యానం:
ఈ మరక చుట్టూ ఎవరో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశారు. నెల తిరిగేసరికి మరక గీత దాటితే నీళ్లు ఇంకా దిగుతున్నట్టే. దాచుకున్న డబ్బు ఇంటికి పెట్టాలా, ఊళ్లు తిరగడానికి పెట్టాలా అని ఇంట్లో వాదన మొదలైతే ముందు ఈ గీత గీయండి. ఆ తర్వాత వాదించుకోవచ్చు.

మన లెక్కకు హనుమకొండలో ఒక ఇల్లు అనుకుందాం. కట్టి 18 ఏళ్లు. స్లాబు 1,000 చదరపు అడుగులు. ఇంట్లో నలుగురు: భార్యాభర్తలు, స్కూలుకెళ్లే కూతురు, 66 ఏళ్ల నాయనమ్మ. బ్యాంకులో ఉన్నవి 4 లక్షలు. ఇంటాయనకు మాడ్యులర్ కిచెన్ మీద మోజు, దాని కొటేషన్ రెండున్నర లక్షలు. ఆవిడకు స్లాబు బెంగ. నాయనమ్మకు ఓపిక ఉండగానే కాశీ వెళ్లాలని.

[తెర మీద: 4,00,000. అందులోంచి 1,50,000 పక్కకు జరిగి, దాని మీద తాళం బొమ్మ పడుతుంది.]

నెల ఖర్చు 45 వేలనుకుంటే మూడు నెలల పైచిలుకుకు లక్షన్నర. దాన్ని ముట్టుకోవద్దు. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా అక్కరకొచ్చేది అదే. దాన్ని ఒకే ఎఫ్‌డీగా కాకుండా 50 వేల చొప్పున మూడు ఎఫ్‌డీలు చేసుకోండి. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. మూడు ముక్కలుగా ఉంటే ఆ కోత తీసిన ముక్కకే పడుతుంది.

మిగిలింది రెండున్నర లక్షలు. ఏది ఎక్కువ ముఖ్యం అని అడిగితే ముగ్గురూ మూడు మాటలు చెబుతారు. అందుకే మేం అడిగేది ఇంకోటి: రెండేళ్లు ఆగితే దేని ఖర్చు పెరుగుతుంది, ఏది చేయిదాటిపోతుంది?

కిచెన్ ఆగుతుంది. రెండేళ్ల తర్వాత చేయించినా అదే కిచెన్, మహా అయితే ధర కాస్త పెరుగుతుంది. ఇల్లు అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుందనే ఆశ కూడా పెట్టుకోకండి. కొనేవాడు చూసేది స్థలం, రోడ్డు, వాస్తు. మీరు మోజుపడి వేయించిన అరలను పీకి తనకు నచ్చినవి వేయించుకుంటాడు.

స్లాబు ఆగదు. పగులులోంచి దిగే నీరు లోపలి చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు కంటే 2 నుంచి 6 రెట్లు ఉబ్బుతుంది. లోపలినుంచి అది తోసేసరికి కింద పెచ్చులూడతాయి. పెచ్చులూడితే చువ్వకు గాలీ తేమా ఇంకా బాగా తగిలి తుప్పు ఇంకా వేగంగా సాగుతుంది. ఈ ఏడాది పైపూతతో పోయే పని అప్పుడు చువ్వలు శుభ్రం చేసి, మందు రాసి, కొత్త కాంక్రీటు పట్టించే దాకా వెళుతుంది.

నాయనమ్మ మోకాళ్లూ ఆగవు. కాశీలో ఘాట్ల మెట్లు తెలుసుగా. 2021 డిసెంబర్‌లో విశ్వనాథ కారిడార్ తెరిచాక గంగ వైపు నుంచి గుడికి వెడల్పాటి దారి ఏర్పడింది, నిజమే. అయినా నడక నడకే.

ఇప్పుడు అసలు పని.

[తెర మీద: మేడ. చీపురు, వైరు బ్రష్, ఉలి, బకెట్లు.]

స్లాబు కారడానికి కారణం స్లాబేనా అన్నది ముందు తేల్చుకోండి. వాన పడ్డప్పుడే మరక తడిస్తే స్లాబు. వాన లేని ఏప్రిల్‌లోనూ తడిగా ఉంటే ట్యాంకు, పైపు, పై బాత్రూం వీటిలో ఒకటి. పైపు లీకుకు స్లాబంతా పూత వేయించి డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎంతమందో. తర్వాత కర్ర పిడితో సీలింగ్ మీద మెల్లగా కొట్టి చూడండి. టక్ టక్ మంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగినా, చువ్వ బయటపడి కనిపించినా మేస్త్రీని పిలవక ముందే సివిల్ ఇంజనీరుకు చూపించండి.

అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తువాళ్లకు ఒక మాట. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు అందరి ఉమ్మడి ఆస్తి. మరమ్మతు అసోసియేషన్ ఖర్చు. మీ యాత్ర డబ్బు అందులో పోయకండి. ఫ్లాటు చేతికొచ్చి ఐదేళ్లు దాటకపోతే, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ కింద నిర్మాణ లోపాన్ని బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఫిర్యాదు రాతలో ఇవ్వండి, ఫోటోల మీద తేదీ పడేలా చూసుకోండి.

మన హనుమకొండ ఇంట్లో కారేది స్లాబే. పని మార్చి, ఏప్రిల్ నెలల్లో. జూన్‌లో తొలకరి పడేలోపు పూత పూర్తిగా ఆరాలి.

నాచు, పాత సున్నం, ఊడే సిమెంటు అన్నీ వైరు బ్రష్‌తో గీకేయాలి. పగుళ్ల మీద ఊరికే సిమెంటు రాస్తే నిలవదు. ఉలితో పగులును వీ ఆకారంలో వెడల్పు చేసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో నింపాలి. పిట్టగోడ స్లాబును కలిసే మూల నుంచే చాలా ఇళ్లలో నీరు దిగుతుంది. అక్కడ ఆ మాలుతోనే మూలను గుండ్రంగా పూడ్చి, పూతను గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు తీసుకెళ్లాలి. వాన గొట్టం మూతి చుట్టూ కూడా ఇలాగే. నీరు గొట్టం వైపు జారేలా వాలు ఉండాలి, 100 అడుగులకు అడుగు చొప్పున. నీరు నిలిచే గుంటలుంటే పూతకు ముందే సరిచేయించండి.

తర్వాత ప్రైమర్, దాని మీద వాటర్‌ప్రూఫ్ పూత రెండు పొరలు. మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా, మధ్యలో ఫైబర్ మెష్. మిట్టమధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద వేస్తే పూత పట్టుకోకముందే ఎండిపోయి పొరగా లేస్తుంది. పొద్దున లేదా సాయంత్రం వేయించండి. తెల్ల పూతైతే వేడి కూడా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

[తెర మీద: బకెట్ వెనక చిన్న అక్షరాలు, దగ్గరగా.]

పని చెడేది సాధారణంగా ఇక్కడే. బకెట్ వెనక లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. రెండు పొరలకు కలిపి లీటరుకు 20 అనుకుంటే 1,000 చదరపు అడుగులకు 50 లీటర్లు కావాలి, అంటే 20 లీటర్ల బకెట్లు రెండున్నర. 'ఒక్క బకెట్ చాలు సార్' అన్న మేస్త్రీ మిగతాది నీళ్లతో నింపుతాడు. బకెట్లు మీరే కొనండి, మూతలు మీ కళ్ల ముందే తీయించండి.

వారం ఆరాక గొట్టాల మూతులు మూసి అంగుళం లోతు నీళ్లు నింపి 24 గంటలు ఉంచండి. 1,000 చదరపు అడుగులకు దాదాపు 2,400 లీటర్లు. ఎక్కువ లోతు అక్కర్లేదు, బరువు దండగ. పాడైన స్లాబు మీద ఈ పరీక్షకు ముందు ఇంజనీరు సరేననాలి.

ఖర్చు: సామాను, కూలీ కలిపి చదరపు అడుగుకు 50 నుంచి 60 రూపాయలు. పగుళ్లకు, మూలలకు పదివేలు. పని మొదలయ్యాక బయటపడే వాటికి మరో పదివేలు. మొత్తం 80 వేలు పక్కన పెట్టండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా అంటారా, ఈ పనిలో సిమెంటు వాటా చాలా తక్కువ. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. చివరి 20 శాతం మొదటి పెద్ద వాన పడి మరక ఎండుగా ఉందని చూశాకే. ఈ షరతు ముందే కాగితం మీద రాసుకుంటే గొడవ ఉండదు.

[తెర మీద: గంగ, పడవలు. క్యాలెండర్ జూన్ నుంచి అక్టోబర్‌కు తిరుగుతుంది.]

స్లాబు వానకు నిలిచిందో లేదో జులైలో తెలిసిపోతుంది. కాశీ టికెట్లు బుక్ చేయాల్సింది ఆ తర్వాతే. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. దసరా సెలవులకు వెళ్లాలంటే ఆగస్టులో బుక్ చేసుకోవచ్చు. స్లాబు పని పెరిగినా అప్పటికి మీ చేతిలో టికెట్ ఉండదు, రద్దు చార్జీలూ ఉండవు.

జులై, ఆగస్టుల్లో వెళితే గంగ పొంగి పడవలు ఆపేస్తారు, ఘాట్లు మునిగి హారతి మిద్దెల మీదికి మారుతుంది. మేలో ఎండ మీకు చెప్పక్కర్లేదు. డిసెంబర్ చివర నుంచి పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యం. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి జనసంద్రం, పెద్దవాళ్లను తీసుకెళ్లే రోజు కాదు. స్కూలు అడ్డం లేకపోతే ఆ పౌర్ణమి తర్వాత డిసెంబర్ మధ్య దాకా ఇంకా బాగుంటుంది.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట మీదుగా వెళుతుంది. దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొఘల్‌సరాయ్‌లో దిగితే కాశీ 20 కిలోమీటర్ల లోపే. థర్డ్ ఏసీ మనిషికి ఒకవైపు రెండు వేలు వేసుకోండి, నలుగురికి రానూపోనూ 16 వేలు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకండి. నాయనమ్మకు లోయర్ బెర్త్ కోటా మాత్రం అడగండి. గది కోసం సత్రాలకు, ఆశ్రమాలకు ముందుగా ఫోన్ చేసి, లిఫ్ట్ ఉందా, కింది అంతస్తు ఇస్తారా అని కనుక్కోండి. ఏడు రాత్రులకు రెండు గదులు 21 వేలు. కాశీ నుంచి ప్రయాగ 120 కిలోమీటర్లు, గయ దాదాపు 250. అవి కూడా చూసి రావడానికి కారుకు 18 వేలు. తిండికి 12 వేలు. పడవ, పూజలు, సంభావనలకు 10 వేలు. పిండప్రదానం ఉంటే పురోహితుడితో మొత్తం ముందే మాట్లాడుకోండి, మధ్యలో పెరిగేది ఆ ఒక్క పద్దే. ఇవన్నీ 77 వేలు. చేతిలో మరో 13 వేలు ఉంచుకుని 90 వేలు అనండి.

80, 90 కలిస్తే లక్షా 70 వేలు. రెండున్నర లక్షల్లో ఇంకా 80 వేలు మిగిలే ఉన్నాయి. కిచెన్ రెండున్నర లక్షల కొటేషన్ పక్కన పెట్టగానే ఈ రెండూ ఒకే ఏడాదిలో ఇమిడిపోయాయి. ఇన్నాళ్లూ ఇంట్లో పోట్లాడుకున్నది స్లాబూ కాశీ. డబ్బంతా మింగేది మాత్రం కిచెన్.

యాత్రను తగ్గించుకోవచ్చు కూడా: గయ మానేయొచ్చు, స్లీపర్‌లో వెళ్లొచ్చు. స్లాబును సగం చేయించడం కుదరదు, పూత లేని సగం నుంచి నీరు దిగి రెండో సగంలో కారుతుంది. కోత పెట్టాల్సొస్తే ప్రయాణంలో పెట్టండి. క్రెడిట్ కార్డు మీద యాత్ర మాత్రం వద్దు. బాకీ మిగిలితే వడ్డీ నెలకు 3 శాతం పైమాటే.

మిగిలిన 80 వేలలో ముందు వైరింగ్ చూపించండి. 18 ఏళ్ల ఇంట్లో తర్వాత బిగించిన ఏసీ చాలాచోట్ల పాత ప్లగ్ పాయింటు వైరు మీదే నడుస్తుంటుంది. టన్నున్నర ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేరుగా లాగించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ స్విచ్ లేకపోతే పెట్టించండి, ఎర్తింగ్ కొలిపించండి.

[తెర మీద: తాళం వేసిన గేటు, మెట్ల మీద సంచులు.]

బయల్దేరే ముందు రోజు మేడ ఎక్కండి. వాన గొట్టం మూతి దగ్గర ఆకులు తీసేయండి. దసరా రోజుల్లో వాయుగుండం పడితే మూసుకుపోయిన గొట్టం వల్ల స్లాబు మీద నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. ట్యాంకు నుంచి కిందికొచ్చే వాల్వు కట్టేయండి. ఫ్రిజ్ ఒక్కటి ఉంచి మెయిన్ బోర్డులో మిగతా ఎంసీబీ స్విచ్‌లు దించేయండి. రెండో తాళంచెవి పక్కింటివాళ్లకు ఇస్తూ ఆ పెన్సిల్ గీత కూడా చూపించి వెళ్లండి.