న్యూజెర్సీ శివారు ఊళ్లలో మూతపడుతున్న గే బార్లు

శ్రోతలకు నమస్కారం.

న్యూజెర్సీ పేరు వినగానే తెలుగువారికి ఎడిసన్, ఇసెలిన్ ఊళ్ల మీదుగా సాగే ఓక్ ట్రీ రోడ్డు గుర్తొస్తుంది. చీరల దుకాణాలూ నగల దుకాణాలూ టిఫిన్ హోటళ్లూ బారులు తీరిన ఆ రోడ్డుకు పట్టుమని పదిహేను మైళ్లు కూడా లేని దూరంలో న్యూ బ్రన్స్‌విక్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. 1960లలో అక్కడ వన్ ఎలెవన్ అనే బార్ ఒకటి నడిచేది. పురుషులను ప్రేమించే పురుషులు సాయంత్రం పూట అక్కడ చేరేవారు. న్యూఆర్క్‌లో మర్ఫీస్ టావెర్న్, అట్లాంటిక్ సిటీలో వాల్స్ బార్ కూడా అలాంటివే. రాష్ట్ర మద్య నియంత్రణ విభాగం తన ఉద్యోగులను మామూలు గిరాకీల్లాగా ఈ బార్లకు పంపి, అక్కడివారి నడవడిని గమనింపజేసింది. ఆ ఉద్యోగులు చెప్పిన సాక్ష్యాన్ని కోర్టు తీర్పులో నేటికీ చదువుకోవచ్చు. కొందరు సుకుమారంగా మాట్లాడారట, మణికట్టు వంచి చేతులు తిప్పారట, గ్లాసు పట్టుకున్నప్పుడు చిటికెన వేలు నాజూకుగా చాచారట. యజమానుల మీద మోపిన అభియోగం అలాంటివారిని గుమికూడనివ్వడమే. ఆ ఒక్క కారణంతో బార్ లైసెన్సును కొన్నాళ్లు నిలిపివేయవచ్చు, లేదా పూర్తిగా రద్దు చేయవచ్చు.

ఆ మూడు బార్ల యజమానులూ కోర్టుకు వెళ్లారు. మర్యాదగా మసలుకునే స్వలింగ ప్రేమికులకు బార్‌లో కూర్చునే హక్కు అందరికీ ఉన్నట్టే ఉంటుందని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు ఇచ్చింది. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బార్ దగ్గర జనం పోలీసులకు ఎదురుతిరిగింది 1969 జూన్‌లో. ప్రపంచమంతా ఆ రాత్రిని తలుచుకుంటుంది కాని, దానికి ఏడాదిన్నర ముందే హడ్సన్ నదికి ఇవతలి ఒడ్డున, ఒక చిన్న పట్టణపు బార్ యజమాని పోరాడి గెలిచిన సంగతి న్యూజెర్సీలో ఉండేవారికి సైతం ఎక్కువగా తెలియదు. నగరం చరిత్ర పుస్తకాలకు ఎక్కినంత సులువుగా శివారు ఎక్కదు. నేను ఈ రోజు మాట్లాడదలచుకున్నది అటువంటి శివారు బార్ల గురించి, అవి ఒకటొకటిగా కనుమరుగు కావడం గురించి.

ఆ తీర్పు తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో ఉత్తర, మధ్య న్యూజెర్సీలోని హైవేల పక్కన ఇటువంటి బార్లు వెలిశాయి. ఊరి నడుమ అద్దె ఎక్కువ, చూసే కళ్లు కూడా ఎక్కువ; అందుకే అవి కార్ల మరమ్మతు షెడ్ల పక్కన, పాత గోదాముల వరసలో, దారిన పోయేవారి దృష్టి నిలవని చోట ఉండేవి. చాలావాటికి వీధి వైపు కిటికీలు ఉండేవి కావు, ఉన్నా వాటికి నల్లరంగు వేసి ఉండేది. కారు ఎవరిదో పక్కింటివారు గుర్తుపట్టకుండా పార్కింగ్ స్థలం వెనకవైపు ఉండేది. బెర్గెన్ కౌంటీలోని రివర్ ఎడ్జ్ అనే చిన్న ఊళ్లో 1970ల చివర్లో మొదలైన ఫెదర్స్ అనే క్లబ్బు ఆ తరానికి చెందినదే. న్యూయార్క్ నగరం అక్కడికి కూతవేటు దూరంలో ఉన్నా, వారమంతా పనిచేసి అలసిపోయినవారు వంతెన దాటి, టోలు కట్టి, కారు నిలపడానికి చోటు వెతుక్కుని, తెల్లవారుజామున తిరిగి రావడం కంటే తమ ఊరికి దగ్గరలోనే తమవారి మధ్య రెండు గంటలు కూర్చోవాలని కోరుకున్నారు. ఆ కోరికలో గొప్ప తిరుగుబాటేమీ లేదు. ఊరి రచ్చబండ దగ్గర కూర్చోవాలని ఎవరికైనా ఉండే కోరిక లాంటిదే అది.

నాకు తెలిసిన ఒకాయన కోస్తా జిల్లా నుంచి 1990ల చివర్లో చదువుకోవడానికి వచ్చి, ఆపైన మధ్య న్యూజెర్సీలో ఉద్యోగంలో చేరారు. నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి ఉండే అపార్ట్‌మెంటులో ఆయన అయిదోవారు. పెళ్లి సంబంధాల ఫొటోలు తపాలాలో వచ్చే రోజులవి. హైవే పక్కన ఒక బార్ ఉందని విని, మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కారులోనే గంటసేపు కూర్చుని వెనక్కి వచ్చేశారు. రెండోసారీ అంతే. మూడోసారి లోపలికి వెళితే, రిటైరైన బడి పంతులొకరు పక్క స్టూలు చూపించి కూర్చోమన్నారట. ఆ పంతులుగారు ఆ ఏడాది పొడుగునా ఆయనకు చెప్పిన విషయాలు ఏ పుస్తకంలోనూ లేవు: ఏ డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా రక్తపరీక్ష చేయించుకోవచ్చో, ఆఫీసులో ఎంతవరకు చెప్పవచ్చో, తల్లికి చెప్పే రోజు వస్తే ఏ మాటతో మొదలుపెట్టాలో. అప్పట్లో ఆయన మద్యం ముట్టేవారు కారు. రెండేళ్లపాటు అక్కడ నిమ్మకాయ ముక్క వేసిన సోడా మాత్రమే తాగానని నాతో చెప్పారు. ఆ బార్ మూతపడి చాలా కాలమైంది. ఆ భవనంలో ఇప్పుడు పరుపుల దుకాణం ఉంది.

ఇది ఒక్క న్యూజెర్సీకి పరిమితమైన సంగతి కాదు. ఓబర్లిన్ కళాశాలకు చెందిన సమాజశాస్త్రవేత్త గ్రెగర్ మాట్సన్, ప్రయాణికుల కోసం ఏటా అచ్చవుతూ వచ్చిన గే బార్ల జాబితాలను ముందుపెట్టుకుని అమెరికా అంతటా లెక్క తీశారు. 2007, 2019 సంవత్సరాల మధ్య ఆ జాబితాల్లోని బార్లు 36.6 శాతం తగ్గాయి. స్త్రీల కోసం నడిచే లెస్బియన్ బార్లు సగానికి పైగా పోయాయి. నల్లజాతివారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు) ఎక్కువగా వెళ్లే బార్లు అంతకంటే ఎక్కువగా తగ్గాయి. కొవిడ్ రావడానికి ముందరి లెక్కలివి.

కారణం అడిగితే చాలామంది వెంటనే రెండు మాటలు చెబుతారు. ఒకటి, సమాజం మారింది కాబట్టి ఇక దాక్కోవలసిన అవసరం లేదని. న్యూజెర్సీలో స్వలింగ జంటల వివాహాలకు 2013 అక్టోబరు 21న, దేశమంతటా 2015 జూన్ 26న చట్టబద్ధత వచ్చింది. మేపుల్‌వుడ్ లాంటి శివారు ఊళ్లో 2018లో రోడ్డు దాటే చారలకు స్వలింగ ప్రేమికుల జెండాలోని ఇంద్రధనుస్సు రంగులు శాశ్వతంగా వేశారు. అటువంటి ఊళ్లలో ఇద్దరు తల్లులు పిల్లవాణ్ణి బడికి దింపి రావడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. రెండోది ఫోను. గే పురుషులు ఒకరినొకరు వెతుక్కునే గ్రైండర్ అనే యాప్ 2009లో వచ్చాక, మనిషి కోసం బార్ దాకా వెళ్లవలసిన పని తప్పిందని అంటారు. ఈ రెండు మాటల్లోనూ నిజముంది. కాని ఇవి సగం నిజాలని నా అభిప్రాయం. వీటినే పూర్తి కారణాలుగా చెప్పడం వల్ల, గెలుపు వచ్చింది కాబట్టి బార్ పోయిందన్న సంతృప్తి ఒకటి ఏర్పడి, అసలు మెలిక ఎక్కడుందో చూడకుండా పోతున్నాం.

ఆ మెలిక మద్యం లైసెన్సులో ఉంది. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఊరి జనాభాలో ప్రతి 3,000 మందికి ఒకటి చొప్పున మాత్రమే బార్ లైసెన్సు ఇస్తారు. లక్షా ఏడు వేల జనాభా ఉన్న ఎడిసన్‌కు ఆ లెక్కన వచ్చేవి సుమారు 35. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది కాలానికి వచ్చిన ఈ పరిమితి వల్ల లైసెన్సు పొలం పట్టా లాంటి ఆస్తి అయిపోయింది. యజమాని దాన్ని అమ్ముకోవచ్చు. ధర ఊరిని బట్టి లక్షల డాలర్లు పలుకుతుంది, కొన్ని ఊళ్లలో పది లక్షల డాలర్లు దాటింది. ఇప్పుడు ఒక చిన్న బార్ యజమాని పరిస్థితి ఆలోచించండి. ఆయనకు అరవై అయిదేళ్లు వచ్చాయి, వారంలో రెండు రాత్రులే జనం వస్తున్నారు, పైకప్పు కారుతోంది. పెద్ద హోటళ్ల గొలుసు సంస్థ ఒకటి వచ్చి, బార్ అక్కర్లేదు, లైసెన్సు చాలు అంటుంది. ముప్పై ఏళ్లు బార్ నడిపినా చేతికి రానంత డబ్బు ఒక్క సంతకంతో వస్తుంది. ఆయన అమ్మితే తప్పు పట్టలేం. కాని ఆ లైసెన్సును తిరిగి కొని కొత్తగా గే బార్ తెరవాలనుకునే ముప్పై ఏళ్ల మనిషికి ఆ సొమ్ము ఏ బ్యాంకు ఇస్తుంది? న్యూయార్క్ నగరం నడిబొడ్డైన మాన్‌హట్టన్‌లో ఒకటి మూతపడితే ఇంకొకటి తెరుచుకోవడమూ, ఇక్కడ మూతపడిన చోట శూన్యమే మిగలడమూ చూస్తే, తేడా మనుషుల మనసుల్లో కంటే ఈ చట్టంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన లైసెన్సులను మళ్లీ వాడుకలోకి తేవడానికీ, పెద్ద మాల్స్‌కు కొన్ని కొత్తవి ఇవ్వడానికీ 2024 జనవరిలో చట్టాన్ని సవరించారు. మాల్ లోపల నడిచే రెస్టారెంటుకు అది మేలే గాని, నేను చెబుతున్న రకం గదికి దానివల్ల ఒరిగేది తక్కువ.

శివారు జీవితం కారు మీద నడుస్తుందన్నది మరొక ఇబ్బంది. తాగి నడిపేవారి రక్తంలో మద్యం పరిమితిని న్యూజెర్సీ 2004లో 0.10 శాతం నుంచి 0.08 శాతానికి తగ్గించింది. అది ప్రాణాలు కాపాడే మంచి చట్టం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే నగరంలో రైలెక్కి ఇంటికి పోయేవారికి లేని లెక్క హైవే పక్క బార్‌కు వచ్చినవారికి ఉంటుంది. ఒకటి తాగి ఆపేసేవారితో బార్ నడవదు.

బార్ పోయిన చోట ఇప్పుడు వేరే ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఏదో ఒక రెస్టారెంటు నెలకొక ఆదివారం స్త్రీవేషాల ప్రదర్శనతో భోజనం పెడుతుంది. బీరు తయారుచేసే చోట జూన్ నెలలో జెండా కడతారు. పట్టణ గ్రంథాలయంలో సమావేశాలు జరుగుతాయి. 1992 నుంచి ఆస్‌బరీ పార్క్ తీరంలో ఏటా జరిగే స్వలింగ ప్రేమికుల ప్రైడ్ ఉత్సవానికి రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఇవన్నీ సంతోషించదగినవే. కాని వీటికి తేదీలున్నాయి. మనిషికి ఒంటరితనం తేదీ చూసుకుని రాదు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి, ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి వచ్చే నెల ఆదివారపు భోజనం పనికిరాదు. ఫోనులో అతనికి మనుషులు దొరుకుతారు, తన వయసువారు, తనను కోరుకునేవారు. కాని తనను కోరుకోని, తననుంచి ఏమీ ఆశించని అరవై ఏళ్ల పంతులు దొరకడు. పాత బార్‌లో వయసుల మధ్య జరిగిన ఈ ఇచ్చిపుచ్చుకోవడమే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

మన దేశం నుంచి వెళ్లినవారికి ఈ లోటు ఇంకొంచెం బరువుగా తగులుతుంది. సొంత సంఘంలో చోటు లేనప్పుడు పరాయి గది ఒక్కటైనా ఉండేది. దక్షిణాసియా లెస్బియన్లు, గేలు 1991లో న్యూయార్క్‌లో పెట్టుకున్న సల్గా అనే సంఘాన్ని అక్కడి ఇండియా డే కవాతులో నడవనివ్వడానికి 1990లలో నిరాకరించారు. భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్ విషయంలో తీర్పు ఇచ్చి, పెద్దలు ఇష్టపూర్వకంగా ఏర్పరచుకునే స్వలింగ సంబంధాలు నేరం కావని చెప్పినా, ఎడిసన్‌లోని తెలుగు ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తడం నేటికీ తేలిక కాదు. ఇంట్లో చెప్పలేనివారికే బయట ఒక గది అవసరమవుతుంది. స్వేచ్ఛ వచ్చింది కదా, గది ఎందుకు అని అడిగేవారు చాలావరకు ఆ అవసరం తీరినవారే.

సోడా తాగుతూ రెండేళ్లు కూర్చున్నారని చెప్పానే, ఆయనకు ఇప్పుడు యాభై దాటాయి. ఆయనా, ఆయన భాగస్వామీ నెలకొక శనివారం తమ ఇంట్లో పప్పూ కూరా వండి, పది పన్నెండు మందిని భోజనానికి పిలుస్తారు. ఈమధ్య అక్కడికి వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడు వచ్చాడు. అలాంటి ఇల్లు ఒకటి ఉందని తెలుసుకోవడానికి అతనికి రెండేళ్లు పట్టిందట. ఆ రెండేళ్లూ అతను ఉన్న అపార్ట్‌మెంటు ఈ ఇంటికి నాలుగు మైళ్ల దూరంలోనే ఉంది. ఆ సంగతి విన్నప్పుడు మా మిత్రుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, తాను కారులో గంటసేపు కూర్చున్న రాత్రి ఎదురుగా రోడ్డు మీద ఒక బోర్డు, దానికి దీపం ఉన్నాయని మాత్రం అన్నారు.