పాత పత్రికని స్కాన్ చేస్తే అయిపోదు: ఒక సోషలిస్టు పత్రిక పెట్టెలు తెరిచాక

హోస్ట్: అందరికీ నమస్తే. పాత పత్రికల్ని డిజిటైజ్ చేసే పనిలో ఉన్న అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, సూటిగా అడిగేస్తాను. ఎప్పుడో ఆగిపోయిన సోషలిస్టు పత్రిక, పెట్టెల నిండా సంచికలు. స్కానర్ పెట్టుకుని కూర్చుంటే అయిపోదా?

అతిథి: కూర్చోవచ్చు తమ్ముడూ, లేవడమే కష్టం. ముందు జాబితా రాయాలి. ఏ సంచిక ఉంది, ఏది లేదు, ఉన్నదాంట్లో ఏ పేజీ చిరిగింది. అది లేకుండా మొదలుపెడితే మధ్యలో ఏది చేశామో ఏది వదిలేశామో మనకే తెలీదు.

హోస్ట్: లేనివంటే ఎవరో చదివిస్తానని పట్టుకెళ్లినవేగా?

అతిథి: అవీ ఉంటాయిలే. కానీ లేకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. అమెరికాలో 'ది మాసెస్' అని ఒక సోషలిస్టు పత్రిక ఉండేది. 1911లో మొదలైంది, తర్వాత మాక్స్ ఈస్ట్‌మన్ సంపాదకుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం వద్దంది. దాంతో 1917 ఆగస్టు సంచికని గూఢచర్య చట్టం చూపించి టపాలో పంపనివ్వలేదు. ఆ తర్వాత ఏమన్నారో తెలుసా? మీ పత్రిక క్రమం తప్పకుండా రావట్లేదు, ఆగస్టుది రాలేదుగా, కాబట్టి పత్రికలకిచ్చే తక్కువ తపాలా రేటు మీకు లేదు అన్నారు.

హోస్ట్: ఆపింది వాళ్లే కదా!

అతిథి: వాళ్లే! ఆ ఏడాది ఆఖరుకి పత్రిక మూతపడింది. ఇప్పుడు ఏ చందాదారు ఇంట్లోనో దొరికిన కట్టలో ఒక నెల లేదనుకో. పోయిందని రాసేస్తే తప్పు కావచ్చు. వాళ్లకసలు అందనే లేదేమో. అందుకే కేటలాగులో 'లేదు' అని వదిలేయకుండా, తెలిస్తే ఎందుకు లేదో కూడా రాయాలి.

హోస్ట్: సరే, పేజీ దగ్గరికి వద్దాం. చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుంది?

అతిథి: అంచు దగ్గర గోధుమరంగు, మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. చవక కాగితం చెక్క గుజ్జుతో చేసింది కదా, అందులో ఆమ్లం ఉంటుంది, అదే లోపల్నుంచి తినేస్తుంది. పిన్నులు తుప్పు పట్టి కాగితానికి అంటుకుపోతాయి. వాటిని లాగకూడదు. వెనకవైపు కాళ్లు సన్నటి రేకుతో నిదానంగా లేపి, నిటారుగా చేసి, అప్పుడు తీయాలి. పలచటి కాగితం కదా, వెనక పేజీ అక్షరాలు ఇటు కనబడతాయి. కింద నల్ల కాగితం పెడితే చాలావరకు పోతాయి. 400 డీపీఐకి, అంటే అంగుళానికి 400 చుక్కలకి, తక్కువ కాకుండా రంగుల్లో తీసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచుకోవాలి. చదివేవాళ్లకి పీడీఎఫ్ వేరే చేసుకోవచ్చు.

హోస్ట్: బైండు చేసినవి దొరికితే సుఖమేగా?

అతిథి: పైకి అలాగే ఉంటుంది. కానీ బైండు చేయించేటప్పుడు చాలా లైబ్రరీలు అట్టలు, ప్రకటనల పేజీలు చించి పారేశాయి. చదవడానికి పనికిరావనుకున్నారు. నాకైతే ముందు ఆ పేజీలే కావాలి. ధర ఎంత, ఏ ప్రెస్సులో అచ్చయింది, సభ ఎక్కడ, సమ్మె నిధికి ఎవరెంత ఇచ్చారు, ఇవన్నీ అక్కడే ఉంటాయి. సంపాదకీయం చదివితే పత్రిక ఏమనుకుందో తెలుస్తుంది. దాన్ని ఎవరు చదివారో తెలియాలంటే విరాళాల జాబితా చూడాలి.

హోస్ట్: ఆ పేర్లన్నీ నెట్‌లో వెతికితే దొరికేస్తాయంటే...

అతిథి: అక్కడే నేనూ ఆలోచిస్తాను. అప్పుడు పోలీసులకి భయపడి కలం పేర్లతో రాశారు. మార్క్సిస్టు రచయితల్లో సీ.ఎల్.ఆర్. జేమ్స్ 'జే.ఆర్. జాన్సన్' పేరుతో, రాయా దునయెవ్‌స్కాయా 'ఫ్రెడ్డీ ఫారెస్ట్' పేరుతో రాశారు. ఇవి అందరికీ తెలిసినవి కాబట్టి రెండు పేర్లూ కలిపి పెడతాం, అచ్చయిన పేరు మాత్రం మార్చం. కానీ ఎవరో మామూలు కార్మికుడు మారుపేరుతో ఉత్తరం రాస్తే, ఆయనెవరో మనకి తెలిసినా చెప్పాల్సిన పని లేదు.

హోస్ట్: వెతకడం అంటే గుర్తొచ్చింది, స్కాన్ చేసిన బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్, ఓసీఆర్, ఎలా పనిచేస్తుంది?

అతిథి: అక్షరాలు బాగానే గుర్తుపడుతుంది, కాలమ్స్ దగ్గరే తడబడుతుంది. మూడు కాలమ్స్ పేజీని అడ్డంగా చదివేస్తుంది. సమ్మె కమిటీ తీర్మానం సగంలో దగ్గు మందు ప్రకటన దూరుతుంది. అన్నీ కూర్చుని దిద్దలేం. శీర్షికలు, రచయితల పేర్లు, తేదీలు మనిషి చూడాలి, మిగతాది తప్పులతోనే వదిలేయాలి.

హోస్ట్: వదిలేయడం అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇబ్బందిపెట్టే వ్యాసాలుంటే?

అతిథి: ఉండకుండా ఎలా ఉంటాయి? 1939 ఆగస్టు దాకా ఫాసిజం మీద అందరం కలిసి పోరాడదాం అన్న కమ్యూనిస్టు పత్రికలు, జర్మనీతో సోవియట్ ఒప్పందం కుదిరాక ఇది సామ్రాజ్యవాదుల యుద్ధం అన్నాయి. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద పడగానే మళ్లీ మాట మారింది. స్టాలిన్‌ని పొగిడిన పేజీలకైతే లెక్కే లేదు. ఒకచోట ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఆ రెండు మూడు సంచికలు వదిలేయరాదూ" అన్నారు. ఆయన బాధ నాకర్థమైంది. ఆ పత్రిక కోసం జైలుకెళ్లిన మనిషి. కానీ కుదరదన్నాను. నాలుగు పేజీలు దాచామని ఒక్కసారి తెలిస్తే మిగతా నాలుగు వేల పేజీల్ని ఎవడు నమ్ముతాడు? అసలుకే ఎసరు.

హోస్ట్: మరి హక్కుల సంగతి? సోషలిస్టు పత్రికకి కాపీరైటేమిటని నవ్వుతారేమో.

అతిథి: నవ్వారు కూడా! 2014లో లారెన్స్ అండ్ విషార్ట్ అనే ప్రచురణ సంస్థ, మార్క్స్, ఎంగెల్స్ సమగ్ర రచనల్లో తమ అనువాదాల్ని తీసేయమని, వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టిన మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌ని అడిగింది. గడువు ఏప్రిల్ 30, మేడేకి ముందు రోజు. అందరూ మండిపడ్డారు. వాళ్లేమో మాది చిన్న సంస్థ, ఆ పుస్తకాల మీదే బతుకుతున్నాం అన్నారు. అదీ నిజమే కదా. ఇంకో చిక్కేంటంటే రచయితలెవరో, ఎక్కడున్నారో తెలియదు. బ్రిటన్ స్త్రీవాద పత్రిక 'స్పేర్ రిబ్'ని బ్రిటిష్ లైబ్రరీ 2015లో ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆచూకీ లేని రచయితల రచనలకి యూరోపియన్ యూనియన్ చట్టంలో వెసులుబాటు ఉండేది. బ్రిటన్ ఆ యూనియన్ నుంచి బయటికొచ్చిన బ్రెగ్జిట్‌తో అది పోయింది, 2021లో తీసేశారు. అందుకే అనుమతి ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, కాగితం మీద రాసుంచుకోవాలి. "ఆయన సరేనన్నాడు" అంటే చాలదు.

హోస్ట్: స్కానింగ్ అయ్యాక కాగితం ఏం చేయాలి? చోటు లేదంటారు అందరూ.

అతిథి: పారేయకు. ఇప్పుడు నలుపు మచ్చలా వచ్చిన బొమ్మని పదేళ్ల తర్వాత ఇంకా బాగా తీయొచ్చు. పేజీల్ని చిన్నగా ఫిల్మ్ మీద ఫొటో తీసి దాచే ఒకప్పటి మైక్రోఫిల్మ్‌లో ఫొటోలన్నీ నల్లగా ముద్దయ్యాయి. ఫిల్మ్ ఉందిగా అని కాగితం వదిలించుకున్న చోట ఇక అంతే. సర్వర్లనీ నమ్ముకోకు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే నెలల తరబడి కేటలాగే తెరుచుకోలేదు. నెట్‌కి తగిలించని డిస్కు ఒకటి ఉంచు, వేరే ఊళ్లో ఇంకోటి ఉంచు. ఏడాదికోసారి తెరిచి చూస్తూ ఉండు, ఊరికే బీరువాలో పడేస్తే డిస్కులూ పాడవుతాయి.