కొత్త ఆల్బమ్ లేదు, కచేరీ మాత్రం ఆగదు: ఈగిల్స్ ఇంకా ఎందుకు పాడుతున్నారు?

[దృశ్యం: లాస్ వేగాస్ రాత్రి. వెలుగులతో మెరిసే స్ఫియర్ గోళం. దానివైపు నడుస్తున్న జనం.]

వ్యాఖ్యానం:

నమస్కారం. ఇది అమెరికాలోని లాస్ వేగాస్. కనిపిస్తున్న గోళం పేరు స్ఫియర్. 2023లో ప్రారంభమైన కచేరీ మందిరం. 2024 సెప్టెంబరు నుంచి ఇక్కడ ఈగిల్స్ అనే రాక్ బృందం వరుసగా కచేరీలు చేసింది. బృందంలో ముఖ్యులైన డాన్ హెన్లీ, జో వాల్ష్, తిమొతీ షమిట్ ముగ్గురూ 1947లో పుట్టినవాళ్లే. జనం పోటెత్తారు. ఈ బృందం చివరి స్టూడియో ఆల్బమ్ మాత్రం 2007 నాటిది.

అంటే అప్పటికే పదిహేడేళ్లుగా కొత్త ఆల్బమ్ లేదు. అయినా కచేరీలు ఆగలేదు. 2023లో మొదలుపెట్టిన పర్యటనకు 'ది లాంగ్ గుడ్‌బై' అని పేరు పెట్టారు, అది వీడ్కోలు పర్యటన అని కూడా ప్రకటించారు. వీడ్కోలు కూడా ఏళ్ల తరబడి సాగుతోంది. కొత్త పాట లేకుండా ఇంత కాలం ఎలా నడుస్తోంది? అసలు ఎందుకు నడపాలి?

డబ్బు కోసం అని చాలామంది వెంటనే అనేస్తారు. అందులో నిజం ఉంది. ముందు దాన్నే చూద్దాం.

[తెరపై: 1999, 1,460 కోట్ల డాలర్లు. 2014, 700 కోట్ల డాలర్ల లోపు.]

అమెరికాలో రికార్డింగుల అమ్మకాలు 1999లో అప్పటివరకు లేని శిఖరానికి చేరాయి. అదే ఏడాది ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ అనే సేవ వచ్చింది. పాట కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఉచితంగా పారడం మొదలైంది. పదిహేనేళ్లలో ఆదాయం సగానికంటే కిందికి పడిపోయింది. ఈ ప్రమాదాన్ని అందరికంటే ముందు పసిగట్టినవాళ్లలో బ్రిటన్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఒకరు. 2002లో ఒక పత్రికతో మాట్లాడుతూ ఆయన, సంగీతం ఇకమీదట కుళాయి నీళ్లలా, కరెంటులా అయిపోతుందని, కళాకారులు విపరీతంగా పర్యటనలు చేయడానికి సిద్ధపడాలని, చివరికి మిగిలేది అదొక్కటేనని అన్నారు. అమెరికా ఆర్థికవేత్త అలన్ క్రూగర్ ఈ మాటను పట్టుకుని లెక్కలు తీశారు. 1996 నుంచి 2003 మధ్య అక్కడ సాధారణ ధరలు 17 శాతం పెరిగితే, కచేరీ టికెట్టు సగటు ధర 82 శాతం పెరిగింది. 2002లో సంపాదనలో ముందున్న 35 మంది కళాకారుల్లో కచేరీలకంటే రికార్డింగుల మీద ఎక్కువ సంపాదించినవాళ్లు నలుగురే.

టికెట్ల ధర విషయంలో ఈగిల్స్‌ది మరీ పాత కథ. 1994లోనే ఒక టికెట్టుకు వంద డాలర్లకు పైగా వసూలు చేసిన తొలి పెద్ద బృందంగా వాళ్లకు పేరుంది. అప్పట్లో ఎంతోమంది ముక్కున వేలేసుకున్నారు. టికెట్లు మాత్రం అమ్ముడుపోయాయి.

సరే, డబ్బే కారణం అని ఇక్కడితో ఆపేద్దామా? ఆపలేను. ఎందుకంటే అదే బృందం చరిత్రలో ఈ జవాబుకు అడ్డొచ్చే సంగతి ఒకటుంది.

[దృశ్యం: 2007 నాటి వాల్‌మార్ట్ దుకాణం, సీడీల అర.]

2007 అక్టోబరులో ఈగిల్స్ 'లాంగ్ రోడ్ అవుట్ ఆఫ్ ఈడెన్' అనే జంట ఆల్బమ్ తెచ్చారు. అమెరికాలో దాన్ని వాల్‌మార్ట్ దుకాణాల ద్వారా అమ్మారు, ధర 11 డాలర్ల 88 సెంట్లు. మొదటి వారంలోనే 7,11,000 ప్రతులు పోయాయి. అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను కొలిచే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం దక్కింది. తర్వాతి ఏడాదుల్లో గ్రామీ పురస్కారాలు కూడా వచ్చాయి. సీడీల వ్యాపారం కుప్పకూలుతున్న రోజుల్లో ఇది చిన్న విజయం కాదు. కొత్త ఆల్బమ్ లాభం తేలేదని కనీసం వీళ్లు అనడానికి లేదు.

మరి ఆ తర్వాత వేదిక మీద ఏం జరిగింది? 2019లో వాళ్లు ఒక పర్యటన మొదలుపెట్టారు. వాద్యబృందాన్నీ గాయకబృందాన్నీ వెంటబెట్టుకుని, ఒక ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట వరకు వరుసగా పాడారు. ఆ ఆల్బమ్ 2007 నాటిది కాదు, 1976 నాటి 'హోటల్ కాలిఫోర్నియా'. స్ఫియర్‌లోనూ వినిపించినవి ప్రధానంగా డెబ్బైల పాటలే.

ఇక్కడే నాకు అసలు కారణం కనిపిస్తుంది. వేదిక మీద పాటల జాబితా రాసేది బృందం కాదు, శ్రోతలు. 1971 నుంచి 1975 వరకు వచ్చిన ఈగిల్స్ పాటల సంకలనం అమెరికాలో 3.8 కోట్ల యూనిట్లు పోయినట్టు 2018లో అక్కడి రికార్డింగ్ పరిశ్రమ సంఘం ధ్రువీకరించింది. అంత మంది జీవితాల్లో ఆ పాటలు కలిసిపోయాయి. పెళ్లిళ్లలో మోగాయి, దూర ప్రయాణాల్లో కార్లలో మోగాయి. వందల డాలర్లు పెట్టి వచ్చిన మనిషి ఆ రాత్రి వెతుక్కునేది తన పాతికేళ్ల వయసును. కొత్త పాట ఎంత బాగున్నా, దానికి ఆ జ్ఞాపకం ఉండదు. ఇది శ్రోతల తప్పని నేను అనను. పాత పాట మొదటి స్వరం గిటారు మీద పలకగానే ఇరవై వేల మంది ఒక్కసారిగా లేచి నిలబడటం నకిలీ ఆనందం కాదు.

శ్రోతల ఈ కోరికకు ఎదురు నిలిచినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ 2006లో తమ అప్పటి కొత్త ఆల్బమ్‌ను వేదిక మీద మొత్తం వాయించారు. పాతవి వినాలని వచ్చి నొచ్చుకున్న అభిమానులు ఉన్నారు. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఆ తెగువ అంటే నాకు గౌరవం. మరుసటి ఏడాది వాళ్లే బెంగళూరుకు వచ్చి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు.

[దృశ్యం: ఖాళీ స్టూడియో. మైకులు, మిక్సింగ్ బోర్డు.]

ఇక స్టూడియో సంగతి. బయటివాళ్లు తక్కువగా మాట్లాడుకునే కారణం ఇది.

కచేరీకి కావలసింది సాధన. ఆల్బమ్‌కు కావలసింది ఏకాభిప్రాయం. ఏ పాట ఉండాలి, ఎవరు పాడాలి, రచనలో ఎవరి పేరు పడాలి, వీటన్నిటి మీదా నెలల తరబడి ఒకే గదిలో కూర్చుని తేల్చుకోవాలి. ఈగిల్స్ విషయంలో ఆ గది ఎప్పుడూ నిప్పుల మీదే ఉండేది. 1980 జులైలో లాంగ్ బీచ్ కచేరీలో బృంద సభ్యులు గ్లెన్ ఫ్రై, డాన్ ఫెల్డర్ పాటకూ పాటకూ మధ్య వేదిక మీదే ఒకరినొకరు బెదిరించుకున్నారు. బృందం విడిపోయింది. మళ్లీ ఎప్పుడు కలుస్తారంటే, నరకం గడ్డకట్టినప్పుడు, అంటే ఎప్పటికీ కలవం అన్నాడు హెన్లీ. పద్నాలుగేళ్ల తర్వాత కలిసినప్పుడు ఆ మాటనే పర్యటనకు పేరుగా పెట్టుకున్నారు. ఆ కలయిక తర్వాత వాటాల పంపకం మీద గొడవ ముదిరింది. 2001లో ఫెల్డర్‌ను తీసేశారు, ఆయన కోర్టుకెక్కాడు. 2007లో రాజీ కుదిరింది.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే మరో రాక్ బృందానిదీ అంతే. చివరి స్టూడియో ఆల్బమ్ 2003లో. ఆ తర్వాత పర్యటనలు మాత్రం చేశారు. 2018లో పర్యటన ఏర్పాట్ల దగ్గరే తగాదా వచ్చి గిటారిస్టు, గాయకుడు లిండ్సే బకింగ్‌హామ్‌ను పక్కనపెట్టారు. ఆయన చోట ఇద్దరిని తీసుకుని బయల్దేరారు. గొడవపడిన మనుషులు రెండు గంటలు పక్కపక్కన నిలబడి వాయించగలరు. ఒకరి ముందు ఒకరు మనసు విప్పి కొత్త పాట కట్టడం వేరే సంగతి.

వయసూ ఒక కారణమే. కానీ దాన్ని మరీ పెద్దది చేయడం నాకు ఇష్టం లేదు. 2023లో రోలింగ్ స్టోన్స్ పద్దెనిమిదేళ్ల తర్వాత సొంత పాటలతో ఆల్బమ్ తెచ్చినప్పుడు వాళ్ల గాయకుడు మిక్ జాగర్‌కు 80 ఏళ్లు.

[దృశ్యం: తిరువయ్యారు, కావేరి ఒడ్డు. ఆరాధనోత్సవంలో కూర్చున్న విద్వాంసులు.]

ఇప్పుడు మన వైపు నుంచి ఒక ప్రశ్న. త్యాగరాజు 1847లో కన్నుమూశారు. తిరువయ్యారులో ఏటా ఆయన పంచరత్న కీర్తనలను విద్వాంసులంతా కలిసి పాడతారు. కొత్తవి ఎందుకు కట్టలేదని ఎవరూ వాళ్లను నిలదీయరు. మరి ఈగిల్స్‌ను ఎందుకు నిలదీస్తాం? తన పాట తానే రాసుకోవాలనే నియమం రాక్‌లో అరవైలలో స్థిరపడింది. అంతకుముందు ఎల్విస్ ప్రెస్లీ పాడినవి ప్రధానంగా ఇతరులు రాసిన పాటలే. ఆ నియమం బీటిల్స్, బాబ్ డిలన్ చూపిన బాటలో బలపడి, ఒక తరం మొత్తానికి గౌరవానికి కొలమానం అయింది. ఈ బృందాలు ఎదిగింది ఆ కొలమానం వల్లే. అందుకే ఈ ప్రశ్న వాళ్లకు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా అని నా అభిప్రాయం.

అయితే ఆ పాటలు నెమ్మదిగా కీర్తనల దారే పడుతున్నాయి. 2016 జనవరిలో గ్లెన్ ఫ్రై మరణించాడు. మరుసటి ఏడాది నుంచి ఆయన కొడుకు డీకన్, గాయకుడు విన్స్ గిల్‌తో కలిసి తండ్రి పాటలు అందుకున్నాడు. అమెరికా రాక్ బృందం లిన్యర్డ్ స్కిన్యర్డ్‌లో మిగిలిన చివరి తొలితరం సభ్యుడు గ్యారీ రోసింగ్టన్ 2023 మార్చిలో చనిపోయాడు, బృందం ఇంకా ఊళ్లు తిరుగుతూనే ఉంది. కిస్ బృందం మరో అడుగు ముందుకేసింది. 2023 డిసెంబరు 2న న్యూయార్క్‌లో చివరి కచేరీ ముగిసిన క్షణంలోనే, ఇకపై తమ బదులు డిజిటల్ రూపాలు వేదికెక్కుతాయని తెర మీద చూపించింది. కొడుకు పాడటం నాకు సబబుగా అనిపిస్తుంది. బొమ్మ పాడటాన్ని మాత్రం కచేరీ అనలేను.

[దృశ్యం: వేదిక మీద ద క్యూర్. నీలి వెలుగు.]

చివరగా, ఈ చిక్కును విప్పిన ఒక బృందం. ఇంగ్లండ్‌కు చెందిన ద క్యూర్ 2008 తర్వాత ఆల్బమ్ తేలేదు. 2022 అక్టోబరులో లాత్వియాలోని రీగాలో పర్యటన మొదలుపెట్టి, ఇంకా విడుదల కాని పాటతోనే కచేరీ ఆరంభించారు. మిగతా కొత్తవాటిని పాతవాటి మధ్య నేర్పుగా కూర్చారు. టికెట్ల ధర తక్కువగా ఉంచాలని బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ పట్టుబట్టాడు. టికెట్ల సంస్థ అదనపు రుసుములు వేస్తే బహిరంగంగా నిలదీసి, కొంత సొమ్ము కొన్నవాళ్లకు వెనక్కి ఇప్పించాడు. 2024 నవంబరులో ఆల్బమ్ వచ్చేసరికి అభిమానులకు అందులోని పాటలు కొన్ని కంఠతా వచ్చేశాయి. వాటికి జ్ఞాపకాలు అప్పటికే ఏర్పడ్డాయి. ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. పాత బృందాలు కొత్త పాటకు శ్రోతను సిద్ధం చేయడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు మరొకటి కనబడలేదు.