మొత్తం, లబ్ధం తెలిస్తే సంఖ్యలు దొరుకుతాయి
(విజయనగరంలో పదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బోర్డు మీద లెక్క చూడండి. రెండు సంఖ్యల మొత్తం 10, లబ్ధం 23. ఆ సంఖ్యలేవి?

ఈపాటికి చాలామంది 23కి కారణాంకాలు వెతుకుతూ ఉంటారు. 1, 23 తప్ప లేవు. వాటి మొత్తమేమో 24. దాంతో "లెక్క తప్పు సార్" అంటారు. లెక్కలో తప్పేమీ లేదు. పూర్ణసంఖ్యలే రావాలని అనుకోవడంతో వచ్చిన చిక్కు ఇది. మొత్తాన్ని వర్గం చేయండి, 100. అందులోంచి లబ్ధానికి నాలుగు రెట్లు, అంటే 92 తీసేయండి. మిగిలిన 8 ఆ సంఖ్యల తేడాకు వర్గం. తేడా 2√2, అందులో సగం √2. మొత్తంలో సగం 5. కాబట్టి సంఖ్యలు 5+√2, 5−√2. గుణించి చూసుకోండి: 25−2=23.

నాలుగు రెట్లే ఎందుకు తీయాలి? 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టముక్కలు నాలుగు తీసుకోండి. ఒకదాని పొడవు పక్కన ఇంకోదాని వెడల్పు వచ్చేలా చుట్టూ పేర్చండి. బయట 23 భుజంతో చతురస్రం వస్తుంది, నడుమ 5 భుజంతో ఖాళీ మిగులుతుంది. 529లోంచి నాలుగు 126లు, అంటే 504 పోతే 25. సూత్రం మొత్తం ఆ ఖాళీలోనే ఉంది. బట్టీ పట్టించేముందు ఒక్కసారి ఇది పేర్పించండి, పీరియడ్‌లో పది నిమిషాలు పోయినా నష్టం లేదు.

ఇప్పుడు ఇళ్ల స్థలానికి వద్దాం. దీర్ఘచతురస్రాకారపు స్థలం 200 గజాలు, చుట్టుకొలత 180 అడుగులు. చదరపు గజానికి 9 చదరపు అడుగులు కనుక లబ్ధం 1800. ఇక్కడే పిల్లలు జారిపోతారు: 180ని మొత్తంగా వేసేస్తారు. చుట్టుకొలతలో పొడవు, వెడల్పు రెండేసి సార్లు ఉంటాయి, సగం చేసి 90 తీసుకోవాలి. 8100లోంచి 7200 పోతే 900, తేడా 30. స్థలం 60 × 30.

కర్ణం కావాలా? దానికి వర్గాల మొత్తం చాలు: 8100లోంచి లబ్ధానికి రెండు రెట్లు, 3600 తీస్తే 4500. వర్గమూలం సుమారు 67.08, అంటే 67 అడుగుల 1 అంగుళం. (ఎ+బి)² అంటే ఎ²+బి² అని రాసేవాళ్లు పోగొట్టేది సరిగ్గా ఈ 3600నే. స్థలం దగ్గర టేపు పట్టి రెండు కర్ణాలూ కొలవండి. నాలుగు భుజాలూ సరిపోయి కర్ణాలు మాత్రం రెండు రకాలుగా వస్తే మూలలు లంబంగా లేవన్నమాట. అప్పుడు వైశాల్యం 200 గజాలకు తక్కువే ఉంటుంది.

అదే 180 అడుగుల చుట్టుకొలతకు 230 గజాలని కాగితం మీద రాసి ఉందనుకోండి. లబ్ధం 2070, నాలుగు రెట్లు 8280. 8100లోంచి తీస్తే −180. వాస్తవ సంఖ్య వర్గం రుణాత్మకం కాదు, కాబట్టి అలాంటి స్థలం ఉండదు. రెండు భుజాలూ 45 అయినప్పుడే లబ్ధం అత్యధికం, 2025. అంటే 225 గజాలు. నాలుగు భుజాల స్థలం ఏ ఆకారంలో ఉన్నా, 180 అడుగుల చుట్టుకొలతలో అంతకు మించి పట్టదు. చుట్టుకొలతో, వైశాల్యమో, ఏదో ఒకటి తప్పు పడింది. డబ్బు కట్టకముందే మళ్లీ కొలిపించండి.