ముందు కాలేజీని అడగండి, తర్వాతే ఫీజు కట్టండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ ఎండలో, చంద్రగిరి నుంచి, రేణిగుంట నుంచి, కొందరైతే చిత్తూరు నుంచి బస్సెక్కి తిరుపతి దాకా వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. స్వయం అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ చదువుల వేదిక, ఆ కోర్సుల వ్యవహారం చూసుకునే పని కూడా కొన్నేళ్లుగా నాదే. పిల్లలు వచ్చి అడిగే మాట ఎప్పుడూ ఒకటే. "మేడమ్, తక్కువ ఫీజుతో, ఇంట్లోనే ఉండి మన వీలును బట్టి చదువుకునే కోర్సు ఏదైనా ఉందా, దాని క్రెడిట్లు మన డిగ్రీలో కలుస్తాయా?" క్రెడిట్లంటే ఒక్కో సబ్జెక్టు పాసైతే డిగ్రీ లెక్కలో జమయ్యే పాయింట్లు. ఈ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఫీజు, వీలు, కలవడం. దాదాపు అందరూ మొదటి రెండూ చూసుకుని చేరిపోతారు, మూడోది చివర్లో గుర్తొస్తుంది. నేను ముఖ్యంగా ఆ మూడోదాని గురించే మాట్లాడతాను.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, పేరు వద్దు. బంగారుపాళ్యం దగ్గర పల్లె. వాళ్ల నాన్న మామిడి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, మిగతా రోజుల్లో ఏ కూలి దొరికితే ఆ కూలి. అమ్మాయి ఇక్కడ హాస్టల్లో ఉండి, సాయంత్రాలు చీరల షాపులో పని చేస్తూ డిగ్రీ చదివేది. ఒక ఎలెక్టివ్ సబ్జెక్టుకు క్లాసులు సరిగ్గా షాపు టైములో పడ్డాయి. నేనే చెప్పాను, ఆ సబ్జెక్టు స్వయంలో చేసుకోమ్మా అని. 12 వారాల కోర్సు. రాత్రి పదిన్నరకు షాపు నుంచి వచ్చి, హాస్టల్ మేడ మెట్ల మీద సిగ్నల్ అందే చోట కూర్చుని, అద్దం పగిలిన ఫోన్లో పాఠాలు చూసేది. ఆ పగులు సరిగ్గా స్క్రీన్ మధ్యలో ఉండేది, అంకెలు దాని కింద పడితే వీడియో ఆపి ఫోన్ అడ్డం తిప్పి చదివి రాసుకునేది. లాంగ్ నోట్‌బుక్ ఒకటిన్నర నిండింది. 71 మార్కులొచ్చాయి.

ఇద్దరం సర్టిఫికెట్ పట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్లాం. అక్కడి సార్ మా సిలబస్, ఆ కోర్సు సిలబస్ పక్కపక్కన పెట్టి పెన్సిల్‌తో ఒక్కొక్క యూనిట్‌కు టిక్ పెట్టుకుంటూ వచ్చాడు. మూడు టిక్కులు పడ్డాయి, నాలుగో యూనిట్ దగ్గర పెన్సిల్ ఆగింది, ఐదో దగ్గరా ఆగింది. "రెండు యూనిట్లు ఇందులో లేవు మేడమ్. పోనీ ముందుగా తీసుకున్న అనుమతి కాగితం ఉందా?" అన్నాడు. లేదు. నేను అడగలేదు, ఆ అమ్మాయికి అడగాలని తెలియదు. ఆ సబ్జెక్టు మళ్లీ మరుసటి ఏడాది రాసింది. బయటికొచ్చాక, "పోనీలే మేడమ్, నేర్చుకున్నా గదా" అని నాకే ధైర్యం చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సార్ మీద నాకు కోపం లేదు, ఆయన తన పని తాను చేశాడు. ఫీజు కట్టకముందే ఆ పెన్సిల్ టిక్కులు నేను పెట్టి ఉండాల్సింది.

అందుకే మొదట ఒక మాట గట్టిగా పట్టుకోండి. మీ డిగ్రీలో క్రెడిట్ కలిపేది కోర్సు నడిపేవాళ్లు కాదు, మీకు డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ. కోర్సు వాళ్లు మార్కులిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని తీసుకోవాలా వద్దా అని తేల్చేది ఇక్కడివాళ్లు. ప్రకటనలో "క్రెడిట్ కోర్సు" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా సరే, ఎవరు తీసుకుంటారు అన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది.

సరే, ఇప్పుడు ఫీజు. మన దేశంలో ఇంతకన్నా చవకైన దారి నాకు తెలిసి లేదు. స్వయం 2017 జూలైలో మొదలైంది. అందులో చేరడానికి, పాఠాలు వినడానికి పైసా కట్టనక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సులకైతే పరీక్ష ఫీజు 1000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అందులో సగం. 4 వారాల కోర్సుకు 1 క్రెడిట్, 8 వారాలకు 2, 12 వారాలకు 3 అని లెక్క. కామర్స్, ఆర్ట్స్ పిల్లలు ఎన్‌పీటెల్ పేరు చూసి ఇది ఇంజనీరింగ్ వాళ్లది అనుకుని వెనక్కి వచ్చేస్తుంటారు. అదే స్వయంలో సీఈసీ అనే సంస్థ డిగ్రీ స్థాయి కామర్స్, చరిత్ర, భాషలు లాంటి కోర్సులు నడుపుతుంది, అక్కడ వెతకండి. చేరేటప్పుడు ఫీజు అక్కర్లేదు కాబట్టి రెండు మూడు వారాలు విని, ఆ మాస్టారు చెప్పేది మీకు ఎక్కుతోందో లేదో చూసుకుని, పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు లోపల అప్పుడు డబ్బు కట్టండి.

యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్లో ఉన్న కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకునే వీలుంది. అంతకుముందు 2016 నిబంధనల్లో అది 20 శాతమే. అంటే ఇప్పటి 40 శాతం లెక్కన మీకు సెమిస్టర్లో ఐదు సబ్జెక్టులుంటే రెండు. అయితే ఇది గరిష్ఠ పరిమితి, మీ యూనివర్సిటీ తన పద్ధతిలో ఆమోదించిన కోర్సులకే వర్తిస్తుంది. బీటెక్ పిల్లలు మీ రెగ్యులేషన్స్ పుస్తకం తెరిచి మూక్స్, అంటే ఇలాంటి ఆన్‌లైన్ కోర్సులు, అన్న మాట ఎక్కడుందో వెతకండి, ఆనర్స్, మైనర్ క్రెడిట్ల దగ్గర సాధారణంగా కనిపిస్తుంది. ఆ పుస్తకం మొదటి సంవత్సరంలో ఇచ్చి ఉంటారు, చాలామంది ఒక్కసారి కూడా తెరవరు.

ఇక వీలు సంగతి. అలిపిరి మెట్లు ఎవరి నడకన వాళ్లు ఎక్కుతారు కదా, ఆన్‌లైన్ చదువు కూడా అంతే అనుకుంటారు. పూర్తిగా అంతే కాదు. స్వయంలో వీడియో ఎప్పుడైనా చూడొచ్చు గానీ, వారం వారం అసైన్‌మెంట్‌కు గడువు తేదీ ఉంటుంది, చివరి పరీక్షకు సెంటర్‌కి వెళ్లి కూర్చోవాలి. ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకు అన్నింట్లో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటే తీసుకుంటారు, కాబట్టి ఇంట్లో పెళ్లో జ్వరమో వచ్చి రెండు మూడు పోయినా కొంప మునగదు. కానీ ఒకటి జాగ్రత్త. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75, రెండింట్లోనూ విడివిడిగా పాసవ్వాలి, 25కు 10, 75కు 30. పరీక్షలో 60 తెచ్చుకుని, అసైన్‌మెంట్లలో 9 దగ్గర ఆగిపోయి సర్టిఫికెట్ పోగొట్టుకున్న అబ్బాయిని చూశాను. వాడి ధ్యాసంతా పరీక్ష మీదే పెట్టాడు, ప్రతి వారం పెట్టాల్సిన అరగంట పెట్టలేదు.

నిజంగా మీ వీలును బట్టే చదవాలంటే ఒక దారి ఉంది, ఉద్యోగం చేసేవాళ్లకు, చిన్నపిల్లలున్న అమ్మలకు నేను ఇదే చెబుతాను. పాత కోర్సుల పాఠాలన్నీ ఎన్‌పీటెల్ సైట్లో ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. చాలా కోర్సులు జనవరిలోనో జూలైలోనో మళ్లీ వస్తాయి. మే నెల సెలవుల్లో పాఠాలన్నీ మెల్లగా చదివేసుకుని, అదే కోర్సు జూలైలో వచ్చినప్పుడు చేరితే, ఇక వారానికి ఒక అసైన్‌మెంట్ పెట్టుకుంటూ పోతే చాలు. కొన్ని కోర్సుల పాఠ్యం తెలుగులో కూడా పీడీఎఫ్‌గా పెట్టారు, ఇంగ్లీషు వినడం కష్టమైనవాళ్లు అది దగ్గర పెట్టుకుని వీడియో చూడండి.

ఏబీసీ గురించి కూడా చెప్పాలి, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. 2021లో వచ్చింది. మీరు సంపాదించిన క్రెడిట్లు అందులో జమ అవుతాయి, మామూలుగా 7 ఏళ్ల దాకా చెల్లుతాయి. పెళ్లయ్యో, ఉద్యోగం వచ్చో చదువు ఆపేసిన ఆడపిల్లలకు ఇది చాలా పెద్ద ఆసరా. ఆ ఖాతా తెరవడం డిజిలాకర్‌లో ఐదు నిమిషాల పని. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒక రకంగా, కాలేజీ రికార్డులో ఇంకో రకంగా ఉంటే మాత్రం అక్కడే ఇరుక్కుంటుంది, ముందు ఆ పని చూసుకోండి.

ఇక్కడ అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మొన్న ఒకావిడ వాట్సాప్‌లో వచ్చిన కాగితం చూపించి, "మేడమ్, మావాడు అక్కడ ఆన్‌లైన్లో చేస్తే తక్కువవుతుందంట, ఇది చెల్తాదా?" అని అడిగింది. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ అంటే సాధారణంగా 120 క్రెడిట్లు. అందులో ఇంగ్లీషు, లెక్కలు, సైకాలజీ లాంటి మొదటి ఏళ్ల సబ్జెక్టులను బయట చవకగా చేసి కలుపుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. సోఫియా లాంటి సంస్థలో నెలకు 99 డాలర్లు కట్టి, ఎవరి వేగంతో వాళ్లు చదువుకుంటూ, ఆ నెలలో ఎన్ని పూర్తి చేయగలిగితే అన్ని చేయొచ్చు. కానీ సోఫియా యూనివర్సిటీ కాదు. దాని కోర్సులకు ఏస్ అనే అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు ఉంటుంది, అది సిఫారసే, తీసుకునేది లేనిది ఏ కాలేజీకి ఆ కాలేజీ ఇష్టం. గుర్తింపు ఉన్న యూనివర్సిటీలే నేరుగా ఇచ్చే ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి, ఫీజు ఎక్కువైనా వాటి మార్కుల జాబితా యూనివర్సిటీ పేరుతోనే వస్తుంది కాబట్టి కలవడం కాస్త సులువు. చాలా కాలేజీలు చివరి 30 క్రెడిట్లు తమ దగ్గరే చేయాలంటాయి, అదీ చూసుకోవాలి.

ఎఫ్-1 వీసా, అంటే అమెరికా స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లల విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి. ఫుల్ టైమ్ చదువు లెక్కలోకి ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే 3 క్రెడిట్ల దాకే వస్తుంది. డబ్బు మిగులుతుందని కాలేజీ క్లాసులు తగ్గించుకుని బయట ఆన్‌లైన్లో చేరితే వీసాకే ముప్పు. ఆవిడకు నేను చెప్పింది ఇదే. అక్కా, మీవాణ్ణి ముందు వాళ్ల అడ్వైజర్‌ను, ఇంటర్నేషనల్ ఆఫీసును మెయిల్ రాసి అడగమను, జవాబు వచ్చాకే డబ్బు కట్టమను.

ఇక్కడైనా అక్కడైనా అడిగే పద్ధతి ఒకటే, నోటి మాట పనికిరాదు. "చేసుకోమ్మా, ఏం కాదులే" అన్న హెచ్‌ఓడీ వచ్చే ఏడాది బదిలీ అవ్వొచ్చు, రిటైర్ అవ్వొచ్చు. ఒక పేజీ అర్జీ రాయండి. కోర్సు పేరు, కోడ్, ఎవరు నడుపుతున్నారు, ఎన్ని వారాలు, ఎన్ని క్రెడిట్లు, మన సిలబస్‌లో ఏ సబ్జెక్టుకు బదులుగా అడుగుతున్నారు. వెనక రెండు సిలబస్‌లు జత చేసి, యూనిట్ యూనిట్‌కు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో మీరే గుర్తు పెట్టండి. ఆ పని వాళ్లకు వదిలేస్తే ఫైలు కింద పడి ఉంటుంది, మీరే చేసి ఇస్తే సంతకం త్వరగా పడుతుంది, ఇది నా అనుభవం. సెమిస్టర్ మొదలవ్వకముందే ఇవ్వండి. ఆమోదం వచ్చిన కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి, ఒక జిరాక్స్ ఇంట్లో పెట్టండి.

"మూడు నెలల్లో డిగ్రీ, పరీక్ష లేదు" అని ఫోన్ చేసేవాళ్లతో అసలు మాట్లాడకండి. ఆన్‌లైన్ డిగ్రీ మొత్తం చేయాలనుకుంటే, ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకు ఈ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం సైట్లో చూసుకోండి.

ఆ బంగారుపాళ్యం అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. ఆఖరి సెమిస్టర్లో ఇంకో స్వయం కోర్సు చేసింది, ఈసారి అర్జీ ముందు, ఫీజు తర్వాత. టిక్కులు తనే పెట్టుకొచ్చింది, నేను పక్కన కూర్చుని చూశానంతే.

సిలబస్ కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ఆ వెనక బల్ల దగ్గరికి రండి. పెన్సిళ్లు తెచ్చాను. ఒంటిగంట దాకా ఇక్కడే ఉంటాను, ఒక్కొక్కరిదీ తీసి చూద్దాం.