తూటా తప్పా, పిన్ను తప్పా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, అదీ రాత్రంతా వాన పడ్డాక, గచ్చిబౌలి దాకా వచ్చారంటే మీ పిల్లల రైఫిళ్లు మిమ్మల్ని బాగానే పరేషాన్ చేస్తున్నాయని అర్థం. ముందే చెబుతున్నా, నేను కోచ్‌ను కాను. గురి ఎందుకు తప్పుతోందని నన్ను అడగకండి. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, పనిచేసి రిటైరయ్యాను. ట్రిగ్గర్ నొక్కితే పేలాల్సింది పేలకుండా ‘టక్’ అని ఊరుకుంటే అప్పుడు నా దగ్గరికి రావాలి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ వాళ్లకు ఈ బాధ లేదు. అందులో మందుగుండు ఉండదు, గాలే పెల్లెట్‌ను తోస్తుంది. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది దాంట్లోనే. ఈ గొడవంతా 50 మీటర్ల పాయింట్ టూ టూ, అంటే 0.22 అంగుళాల తూటా వాడే రైఫిల్‌ది. పెద్ద తూటాలకు మంటపుట్టించే మందు అడుగున మధ్యలో, చిన్న గిన్నెలో ఉంటుంది. పాయింట్ టూ టూకి అలా కాదు. అడుగు అంచు చుట్టూ మడత ఉంటుంది చూడండి, రిమ్ అంటాం. మందు ఆ మడత లోపల ఉంటుంది. ఫ్యాక్టరీలో తడి మందు వేసి, కేసును, అంటే తూటా ఇత్తడి గొట్టాన్ని, గిర్రున తిప్పితే అది అంచుల్లోకి పాకుతుంది. ఎక్కడైనా పాకకపోతే అక్కడ ఖాళీ. ట్రిగ్గర్ నొక్కితే వెళ్లి తూటా అడుగును కొట్టే చిన్న ములుకే పిన్ను. అది సరిగ్గా ఆ ఖాళీ మీద కొట్టిందా, తూటా పేలదు.

పేలనప్పుడు మొదటి పని ఏమీ చేయకపోవడం. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. పోటీలో టైమ్ పోతోందని టెన్షన్ ఉంటుంది, నిజమే. అయినా ఆగాలి. పేలింది గానీ ‘తుస్’మని చప్పుడు నీరసంగా వచ్చిందంటే ఇక రెండో తూటా పెట్టకూడదు. సీసం గుండు బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు. తూటాను వెనక నుంచి మూసి పట్టే బోల్ట్‌ను తీసి పక్కన పెట్టి, రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

సరే, అసలు కేసుకొస్తాను. పోయిన ఏడాది ఒక నాన్న వచ్చారు. కొడుకు ఇంటర్. రైఫిల్ కస్టమ్‌ది. బోల్ట్ ఉండే వెనక భాగం, అంటే యాక్షన్, ఒక కంపెనీది, బ్యారెల్ ఇంకో కంపెనీది, రెండూ కలిపి బిగించింది ఊళ్లోని ఒక గన్‌స్మిత్. 60 షాట్లకు నాలుగైదు పేలడం లేదు. “సార్, తూటాలు నకిలీవేమో” అన్నారు నాన్న. “అంకుల్, పిన్ను అరిగింది” అన్నాడు కొడుకు. నేను ఎవరి మాట విన్నానంటే, సిగ్గు విడిచి చెబుతున్నా, కొడుకు మాట. కొత్త పిన్ను లేదు కాబట్టి కొంచెం గట్టి స్ప్రింగ్ వేసి పంపాను.

మిస్‌ఫైర్లు తగ్గాయి. నేను మీసం తిప్పుకున్నాను. రెండు వారాలకు మళ్లీ వచ్చారు. ఈసారి పేలుతోంది గానీ టార్గెట్ మీద ఒకేచోట పడాల్సిన గుండ్ల గుంపు చెదిరింది. 50 మీటర్ల దగ్గర పది పాయింట్ల నడిమి రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, అంటే శనగ గింజంత. గట్టి స్ప్రింగ్ కొట్టే దెబ్బకు రైఫిల్ అదిరితే ఆ శనగ గింజ దొరుకుతుందా? జ్వరం తగ్గలేదు, నేను థర్మామీటర్ విరగ్గొట్టాను, అంతే.

అప్పుడు చేశాను మొదటే చేయాల్సిన పని. పాత స్ప్రింగ్ వేసి, పేలని తూటాలను భూతద్దం కింద పెట్టాను. పక్కన బాగా పేలిన కేసులు. పిన్ను దెబ్బకు పడే గాటు రెంటికీ సమానంగా లోతుగా ఉండి కూడా పేలలేదంటే అనుమానం తూటా మీదికి పోతుంది. అలాంటిదాన్ని తిప్పి, రిమ్ మీద ఇంకోచోట దెబ్బ పడేలా పెట్టి కాలిస్తే పేలొచ్చు. ఆ రోజు చూసినవాటి మీద గాట్లు పల్చగా ఉన్నాయి. పైగా అదే తూటాను తీయకుండా, అదే చోట రెండోసారి కొడితే పేలింది. ఇదే నాకు దొరికిన ఆధారం.

పల్చటి గాటుకు కారణాలు చాలా ఉంటాయి. ఎక్కువసార్లు చూసేది మాత్రం నూనె. కుట్టుమిషన్ నూనె బోల్ట్ లోపల పోసేస్తారు. మన ఊళ్లో ఏ గల్లీ చూసినా కట్టడం, ఆ సిమెంట్ దుమ్ము నూనెలో కలిసి బంకవుతుంది, పిన్ను అందులో ఈదుకుంటూ వెళ్లి కొట్టాలి. తుడిచి పొడిగా పెడితే సగం రైఫిళ్లు అక్కడికక్కడే బాగవుతాయి. ఈ అబ్బాయి బోల్ట్ అద్దంలా ఉంది. తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్‌లో మైనం, సీసం పేరుకుని తూటా పూర్తిగా కూర్చోకపోయినా ఇలాగే అవుతుంది. అదీ శుభ్రం చేశాను. ఊహూఁ.

చివరికి ఖాళీ కేసు అడుగున మామూలు సెల్లో టేప్ ఒక పొర అంటించి బోల్ట్ మూశాను. తేలిగ్గా మూసుకుంది. రెండో పొర. మూసుకుంది. మూడో పొరకు గానీ పట్టలేదు. చెప్పొచ్చేదేమిటంటే, బోల్ట్ ముఖానికీ తూటా అడుగుకీ మధ్య ఉండకూడని సందు ఉంది. పిన్ను కొట్టగానే ఆ దెబ్బ రిమ్‌ను నలపకుండా తూటాను ముందుకు నెట్టేస్తోంది. నెట్టాక రెండో దెబ్బకు పేలక ఏం చేస్తుంది?

మరి అన్నీ ఎందుకు ఆగలేదు? కాలిపర్‌తో రిమ్‌లు కొలిచాను. సుమారు ఒక మిల్లీమీటరు ఉండే మందం అది. నాన్న కొత్తగా కొన్న లాట్, అంటే ఒకే విడతలో తయారైన తూటాలు, పాత లాట్ కంటే వెంట్రుకవాసి పల్చన. మందం రిమ్‌లు పేలుతున్నాయి, పల్చటివి ఆగుతున్నాయి. తూటా మంచిదే, పిన్నూ మంచిదే. పెళ్లికూతురు బంగారం, పెళ్లికొడుకు బంగారం, గొడవంతా వియ్యంకుల మధ్య, అంటే యాక్షన్‌కూ బ్యారెల్‌కూ మధ్య. కస్టమ్ రైఫిల్లో నేను ముందు ఆ వియ్యంకుల దగ్గరికే వెళ్తాను ఇప్పుడు.

దాన్ని నేను బాగుచేయలేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకూ లైసెన్సు కావాలి, ఇంట్లో ఆకురాయి పట్టుకుని కూర్చునే నాన్నలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. లైసెన్సున్న గన్‌స్మిత్ బ్యారెల్ విప్పి సందు సరిచేశాడు. పాత స్ప్రింగ్‌తోనే, పల్చటి లాట్‌తోనే, డబ్బా డబ్బా, 50కి 50 పేలాయి.

ఇందాక చాయ్ దగ్గర ఒకమ్మ అడిగారు, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి ప్రాక్టీస్ చేయొచ్చా అని. పాయింట్ టూ టూతో ఊరికే వద్దమ్మా. రిమ్ లేకపోతే కొన్ని రైఫిళ్లలో పిన్ను వెళ్లి ఛాంబర్ అంచును కొడుతుంది. అక్కడ లోహం పొంగి, తర్వాత తూటా కూర్చోదు. మీ రైఫిల్‌కు డ్రై ఫైర్ ఏర్పాటు ఉందో లేదో మాన్యువల్ చూడండి.

ఈ టేబుల్ మీద మూడు డబ్బాల్లో ఖాళీ కేసులు పెట్టాను. ఒకదాంట్లో మంచి గాట్లు, ఒకదాంట్లో పల్చటివి, మూడోదాంట్లో రెండుసార్లు దెబ్బ తిన్నవి. ఏ డబ్బా ఏదో రాయలేదు. భూతద్దం ఒక్కటే ఉంది, పిల్లలు ముందు రండి.