మూడు బస్తాల బియ్యం, జేబులో తాళంచెవి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని హెడ్‌మాస్టరు గారు చీటీ ఇచ్చారు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను, అందరికీ కలిపి ఒకటే నమస్కారం. ‘విపత్తులు – మధ్యాహ్న భోజనం’ అని విషయం కూడా వాళ్లే ఇచ్చి, పది నిమిషాలు అన్నారు. ఇవాళ మన బడి వంటామె పని మానుకుంటోంది. 2003 జనవరిలో మన రాష్ట్రంలో బడిలో వండిపెట్టడం మొదలైన నాటి నుంచీ ఇక్కడ గరిటె ఆవిడదే. ఆవిడ సంగతి చెబితే మీరిచ్చిన విషయం అందులోనే వస్తుంది.

ముందు వరసలో కూర్చున్న పిల్లలు తిత్లీ తుపాను నాటికి పుట్టలేదు. బాబూ, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మన పక్క మండలం వజ్రపుకొత్తూరులో తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. అంతకుముందు మన బడి వరండాలోంచి సముద్రం కనబడేది కాదు. ఆ ఉదయం కనబడింది. మధ్యలో అడ్డుండే కొబ్బరితోటలన్నీ ఒకే వైపుకి తలపెట్టి పడుకున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్దానం వాళ్లకి కొబ్బరిచెట్టంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఈ రోజు మొక్క పెడితే ఏడెనిమిదేళ్లకి గానీ కాయ కళ్లజూడం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను రిటైరయ్యే రోజున కూడా చెప్పలేదు. స్టోరు గదిలో మూడు బస్తాల బియ్యం ఉన్నాయి. తాళంచెవి నా జేబులో ఉంది. ఇళ్ల పైకప్పులు పోయి ముప్ఫై కుటుంబాలు బడిలోకి వచ్చాయి. కరెంటు లేదు, రోడ్డు మీద చెట్లు, సాయం ఎప్పుడొస్తుందో తెలీదు. పిల్లలు నా కళ్ల ముందే పచ్చి కొబ్బరి నములుతున్నారు. నేను తాళం తియ్యలేదు. ఎందుకంటే దసరా సెలవులు! సెలవుల్లో హాజరు ఉండదు, హాజరు లేకుండా బియ్యం ఖర్చు రాయకూడదు. ప్రైమరీ పిల్లకి వంద గ్రాములు, ఎంతమంది తింటే అంత. ఒక రోజంతా ఆ లెక్క నా బుర్రలో తిరిగింది. అంత చదువు చదివి అదీ నేను చేసిన నిర్వాకం.

రెండో రోజు ఆవిడ వచ్చింది. వాళ్ల ఇంటి రేకులు ఎక్కడ పడ్డాయో కూడా ఇంకా వెతుక్కోలేదు. తిట్టలేదు, బతిమాలలేదు. స్టోరు గది కప్పు కేసి చూపించి, “అక్కడ కారతంది మాస్టారూ. బియ్యం తడిసి ముక్కిపోతే ఎవలి ఖాతాలో రాస్తారు?” అంది. తాళం తీశాను.

వంటషెడ్డు లేదు, వరండాలో మూడు రాళ్లు పెట్టింది. పడిపోయిన జీడి కొమ్మలే కట్టెలు. పచ్చి కట్టె, ఒకటే పొగ. కళ్లు తుడుచుకుంటూ గంజి వార్చింది. పప్పు లేదు, కొబ్బరి పచ్చడి. ఆ తర్వాత సాయం బియ్యం అందిన ఇళ్ల వాళ్లు ఇంటికో సోలెడు తెచ్చి ఆవిడ గిన్నెలో పోశారు.

సెలవులైపోయి బడి తెరిచాక ఈ బడి భోజనం విలువ ఇంకా తెలిసింది. నష్టం రాసుకునే వాళ్లు వచ్చేసరికి మనిషి తోటలో ఉండాలి, పడిన చెట్లు దగ్గరుండి లెక్కపెట్టించుకోవాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రంపంతో అక్కడే. బడిలో పొయ్యి వెలగకపోతే ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి, లేదా పెద్ద పిల్ల బడి మానెయ్యాలి. కొందరు పనికోసం ఊళ్లు పట్టుకుపోయారు. మధ్యాహ్నం ఒక పూట బడి చూసుకుంటుందన్న ధైర్యంతో పిల్లల్ని ముసలమ్మల దగ్గర వదిలివెళ్లారు.

గంట కొట్టకండి, ఇంకొక్కటి. డిసెంబరులో తనిఖీకి వచ్చిన ఒకాయన, పేరెందుకు, సెలవుల్లో బియ్యం ఎలా ఖర్చయిందని నన్ను సంజాయిషీ అడిగారు. మూడు పేజీలు రాసిచ్చాను. కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని అందులో రాశాను. ‘అది కరువుకి, వేసవికి. మీది తుపాను, దసరా’ అన్నారాయన. చదువుకున్నవాడు, కాదనలేం!

నన్ను అడిగారు సరే, ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. బడి తెరిచాక పప్పు, నూనె, కూరలు ఆవిడే కొట్లో అరువు తెచ్చి వండింది. ఆ కొట్టు కప్పు కూడా ఎగిరిపోయింది, అయినా ఆయన ఇచ్చాడు. సర్కారు నుంచి ఆ బిల్లు డబ్బు సంక్రాంతి దాటాక వచ్చింది. ఈలోపు ఆవిడ కమ్మలు తాకట్టుకి వెళ్లాయి. అప్పట్లో గౌరవ వేతనం నెలకి వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. తర్వాత మూడు వేలయింది. తుపాను సాయమని మనం రాసే లెక్కల్లో ఆ కమ్మలు ఏ కాలమ్‌లో ఉన్నాయి? అయ్యా, ఆఫీసు నుంచి వచ్చిన వాళ్లు ముందే కూర్చున్నారు, అందుకే అడుగుతున్నాను. ఈ ఏడాది బిల్లు ఏ నెల వరకు వచ్చింది? ఆవిడ వెళ్లేలోపు బాకీ తీరుస్తారా? మైకు ఇస్తాను, చెప్పండి.

సరే, శాలువా తెండి. ఏదీ, ఆవిడ ఇక్కడ లేదేం? ఇంకా వంటగదిలోనే ఉందా? ఒరే బాబూ, వెళ్లి పిలుచుకురా. పొయ్యి మీద గిన్నె దింపాకే రమ్మను.